పక్క ఊళ్ల హైస్కూళ్లు టీచర్ని, ల్యాబును, మైదానాన్ని పంచుకోవాలంటే

ఒక ఊళ్లో 60 మంది పిల్లలున్న జిల్లా పరిషత్ హైస్కూలు. ఫిజికల్ సైన్స్ టీచరు పోస్టు ఖాళీ. 12 కిలోమీటర్ల అవతల ఇంకో హైస్కూల్లో ఆ టీచరున్నారు, ఆయనకు వారానికి 16 పీరియడ్లే పని. ఆ బడికి మంచి ల్యాబుంది కానీ మైదానం లేదు. ఈ బడికి రెండెకరాల మైదానముంది కానీ ఆడించే పీఈటీ (వ్యాయామ టీచరు) లేరు. ఇలాంటి జతలు ప్రతి మండలంలోనూ దొరుకుతాయి. రెండు బడుల్ని కలిపేయకుండా, ఏ ఊరి బడి ఆ ఊళ్లోనే ఉంటూ ఒకరిది ఒకరు వాడుకునే పద్ధతి ఎలా పెట్టుకోవాలో కింద రాస్తున్నాం. ఇది హెచ్ఎంలకు (ప్రధానోపాధ్యాయులకు), స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల గుంపు) బాధ్యతలు చూసేవాళ్లకు, పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యులకు ఉద్దేశించింది.

ఆలోచన పాతదే. 1964–66 నాటి కొఠారి కమిషన్ స్కూల్ కాంప్లెక్స్ పెట్టమంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఒక సెకండరీ స్కూలునూ, దాని చుట్టూ 5 నుంచి 10 కిలోమీటర్లలో ఉన్న బడుల్నీ ఒక గుంపుగా చూడమని చెబుతుంది. కాంప్లెక్సులు మన దగ్గర ఎన్నో ఏళ్లుగా ఉన్నాయి. నెలవారీ సమావేశాలు, శిక్షణలు వాటి కింద బాగానే జరుగుతాయి. టీచర్నీ వస్తువునూ నిజంగా పంచుకోవడం మాత్రం చాలాచోట్ల జూన్‌లో మొదలై దసరా సెలవుల నాటికి ఆగిపోతుంది. కారణం అడిగితే రకరకాలుగా చెబుతారు గానీ, తవ్వి చూస్తే అడుగున ఉండేది టైమ్‌టేబులే. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దానికే పోతుంది.

1. ముందు లెక్క తీయండి, మార్చిలోనే

పొత్తు కుదుర్చుకోవాలనుకున్న ప్రతి బడికీ ఒక కాగితం తీసుకోండి. తరగతివారీ పిల్లల సంఖ్య, సబ్జెక్టువారీ మంజూరైన పోస్టులు, పనిచేస్తున్నవాళ్లు, ఒక్కో టీచరు వారంలో తీసుకుంటున్న పీరియడ్లు రాయండి. మొదటి మూడూ యూడైస్ (దేశంలోని బడులన్నిటి వివరాలు నమోదయ్యే ప్రభుత్వ డేటాబేస్) వివరాల్లో దొరుకుతాయి. నాలుగోది దొరకదు. గోడ మీది టైమ్‌టేబుల్ చూసి మీరే లెక్కపెట్టాలి. ఆ టైమ్‌టేబుల్‌లో ఉన్నదీ, నిజంగా జరిగేదీ ఒకటేనా అన్నది కూడా అక్కడే అడిగి తెలుసుకోండి.

తర్వాత వస్తువులు. ల్యాబు గది ఉందా అని అడిగితే అందరూ ఉందనే అంటారు. అడగాల్సింది వేరు: పనిచేసే అమ్మీటర్లు ఎన్ని, కుంభాకార కటకాలు ఎన్ని, వాటి నాభ్యంతరం ఎంత, వెలుగుతున్న కంప్యూటర్లు ఎన్ని, అటల్ టింకరింగ్ ల్యాబు (పిల్లలు సొంతంగా పరికరాలు చేసి చూసే ల్యాబు) ఉంటే త్రీడీ ప్రింటరు ఆఖరుసారి ఎప్పుడు తిరిగింది, వొకేషనల్ కోర్సుకు ట్రైనరు ఉన్నారా లేక గదికి తాళమేనా. స్టాక్ రిజిస్టరును నమ్మకండి. బీరువా తెరిపించి చూడండి.

లెక్క పూర్తయ్యాక ఒక్కో బడికి రెండే గీతలు గీయండి: ఇవ్వగలిగింది, కావలసింది. ఒక బడికి కావలసినవే ఉండి ఇవ్వగలిగింది ఏమీ లేదని తేలితే పొత్తు ఎక్కువకాలం నిలవదు. ఇచ్చే బడి హెచ్ఎం మారగానే తెగిపోతుంది. మైదానమో, ఖాళీ గదో, ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్షకు బాగా చెప్పే లెక్కల టీచరో, ఏదో ఒకటి ఆ వైపు నుంచీ వెళ్లేలా చూడండి.

ఒకే మండలంలో ఉన్నా అన్ని బడులూ ఒకే యాజమాన్యం కింద ఉండవు. జిల్లా పరిషత్ హైస్కూళ్ల మధ్య సర్దుబాటు తేలిక. మోడల్ స్కూలు, కేజీబీవీ, గురుకులం వేరే దారి. గురుకులానికి దాని సొసైటీ అనుమతి కావాలి. కేజీబీవీ ఆడపిల్లల హాస్టలుతో కూడిన బడి కాబట్టి బయటి పిల్లల్ని లోపలికి తీసుకెళ్లే ఆలోచన పెట్టుకోకండి. అక్కడి నుంచి పరికరాలు తెచ్చుకోవడం, అక్కడి టీచరుతో కలిసి ప్రశ్నపత్రం తయారుచేసుకోవడం వరకు చాలు.

2. కదలాల్సింది ఎవరో తేల్చండి

సూత్రం ఒక్కటే: టీచరు కదలగలిగితే పిల్లల్ని కదిలించకండి. డబ్బాలో పట్టేది ఏదైనా ఉంటే టీచర్ని కూడా కదిలించకండి, డబ్బానే పంపండి. పిల్లలు ప్రయాణం చేయాల్సింది మోసుకెళ్లలేని వాటి కోసమే. అంటే వొకేషనల్ ల్యాబు, టింకరింగ్ ల్యాబు, కంప్యూటర్ గది, మైదానం.

30 మంది పిల్లల్ని 12 కిలోమీటర్లు తీసుకెళ్లి తీసుకురావడానికి ఎక్కడం, దిగడం, లెక్కపెట్టుకోవడం కలుపుకుని గంటన్నర పోతుంది. ఆ గంటన్నరలో రెండు పీరియడ్లు ఉన్నాయి. వారానికి రెండుసార్లు ఇలా చేస్తే మిగతా సబ్జెక్టుల టీచర్లు నెల తిరక్కుండానే మొరాయిస్తారు, వాళ్ల మొరలో న్యాయముంది.

3. టైమ్‌టేబుల్: రోజు మొత్తం ఇవ్వండి, పూట ఇవ్వకండి

అందరికీ ముందు తట్టే ఏర్పాటు ఇది: టీచరు ఉదయం తన బడిలో, మధ్యాహ్నం పక్క బడిలో. కాగితం మీద చక్కగా ఉంటుంది, నడవదు. భోజన విరామం ప్రయాణానికే సరిపోతుంది. బస్సు తప్పితే ఐదో పీరియడు పోతుంది. వాన వస్తే ఆ పూటంతా పోతుంది. పైగా మొదటి బడిలో పని పడి పది నిమిషాలు ఆగమన్నారంటే రెండో బడిలో ఆ రోజు పాఠం లేనట్టే.

పై ఉదాహరణనే తీసుకుందాం. సొంత బడిలో 16 పీరియడ్లు. ఖాళీ ఉన్న బడిలో 8, 9, 10 తరగతులకు వారానికి నాలుగేసి చొప్పున 12 పీరియడ్లు కావాలి. మొత్తం 28. రోజుకు 8 పీరియడ్ల బడిలో ఇది మోయలేని భారం కాదు. దాన్ని ఇలా విడగొట్టండి:

మంగళవారం, శుక్రవారం పూర్తిగా పక్క బడిలో. ఆ రెండు రోజుల్లో మూడు తరగతులకూ ఒక్కో జంట పీరియడు, అంటే రోజుకు 6. రెండు రోజులకు 12 సరిపోయాయి.

మిగతా నాలుగు రోజులూ సొంత బడిలో, రోజుకు 4 చొప్పున 16.

జంట పీరియడు కావడం వల్ల ప్రయోగం చేయించడానికి వీలు దొరుకుతుంది. 45 నిమిషాల విడి పీరియడ్లో పరికరాలు బల్ల మీద పెట్టేసరికే గంట కొడతారు. రోజుకు మిగిలే రెండు ఖాళీ పీరియడ్లు నోట్సులు దిద్దడానికి, వెనకబడిన పిల్లలతో కూర్చోవడానికి. ఆ రెండిటినీ సెలవులో ఉన్న వేరే టీచరు తరగతికి వాడుకోకూడదని ముందే రాసుకోండి. పొత్తు చెడే దారుల్లో ఇది బాగా అరిగిన దారి. వచ్చిన టీచరు ‘నన్ను ఫిజిక్స్ చెప్పడానికి పంపారా, తరగతి కాయడానికి పంపారా’ అని అడిగే రోజు వస్తుంది.

మంగళ, శుక్రవారాలే ఎందుకంటే, వాటి మధ్య రెండు రోజుల ఎడం ఉంటుంది. ఇచ్చిన ఇంటిపని చేసుకోవడానికి పిల్లలకు సమయం దొరుకుతుంది. సోమవారం వద్దు. ఆఫీసు పనులు, అర్జీల రోజులు, వారం మొదట్లో పడే సెలవులు చాలా తినేస్తాయి. శనివారమూ వద్దు. రెండో శనివారం సెలవు, మిగతా వాటిల్లో పుస్తకాలతో సంబంధం లేని కార్యక్రమాలు పడతాయి. మీ కాంప్లెక్స్ సమావేశాలు ఏ వారం పడతాయో చూసుకుని ఆ రోజును కూడా తప్పించండి.

రెండు బడుల గంటలు కలవాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఒక బడి 9 గంటలకు, ఇంకోటి 9:30కు మొదలైతే టీచరు రోజు మొత్తం పంచుకున్నప్పుడు ఇబ్బంది లేదు. పిల్లలు కదిలే రోజున మాత్రం అరగంట తేడా పూట మొత్తాన్ని పాడుచేస్తుంది. బస్సు వేళలను బట్టి బడి వేళ మార్చుకోవాల్సి వస్తే దానికి పై అధికారుల అనుమతి తీసుకోండి. మౌఖికంగా కానివ్వకండి.

సొంత బడి హెచ్ఎంకు కూడా ఒక మాట. ఆ రెండు రోజులూ మీ బడిలో ఒక మనిషి తక్కువ. కాబట్టి ఆ రెండు రోజుల్లో మిగతా టీచర్లకు సాధారణ సెలవులు ఒకరికి మించి ఇవ్వకుండా చూసుకోండి. ఇది ముందు చెప్పకపోతే ఆగస్టులో ఒక శుక్రవారం ముగ్గురు సెలవు పెడతారు. మీరు టీచర్ని వెనక్కి పిలుస్తారు. పక్క బడిలో పిల్లలు వరండాలో కూర్చుంటారు.

4. కాగితం మీద పెట్టండి

ఇద్దరు హెచ్ఎంలు ఫోన్లో మాట్లాడుకుని మొదలుపెట్టిన పొత్తు ఇద్దరూ ఉన్నంతవరకే. మూడు కాగితాలు కావాలి.

మొదటిది, రెండు బడుల యాజమాన్య కమిటీల తీర్మానాలు. తెలంగాణలో అయితే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీని కూడా కూర్చోబెట్టండి. రెండోది, టీచరు పని సర్దుబాటు ఉత్తర్వు. ప్రతిపాదన ఎంఈఓ (మండల విద్యాధికారి) ద్వారా డీఈఓ (జిల్లా విద్యాధికారి) కార్యాలయానికి వెళ్తుంది. ఉత్తర్వు ఎవరి సంతకంతో రావాలో ఆ ఏడాది మార్గదర్శకాల్లో ఉంటుంది. సర్దుబాటు ముందు కాంప్లెక్స్ లోపల, కుదరకపోతే మండలంలో, ఆ తర్వాతే పక్క మండలంలో చూడటం ఆనవాయితీ. ప్రతిపాదన కూడా ఆ వరుసలోనే రాస్తే వెనక్కి రాదు. మామూలుగా ఈ ఉత్తర్వులు టీచర్ని పూర్తిగా పక్క బడికి పంపేలా వస్తాయి. మీకు కావలసింది వారానికి రెండు రోజులే కాబట్టి, రోజుల పేర్లతో సహా ఉత్తర్వులో పడేలా ప్రతిపాదనలోనే స్పష్టంగా అడగండి.

మూడోది బడుల మధ్య ఒప్పంద పత్రం. రెండు పేజీలు దాటనక్కర్లేదు. అందులో తప్పకుండా ఉండాల్సినవి:

ఎఫ్ఏ, ఎస్ఏ (ఏడాది పొడవునా జరిగే బడి పరీక్షలు) జవాబుపత్రాలు దిద్దేది ఎవరు, మార్కులు ఆన్‌లైన్లో ఎక్కించేది ఎవరు. దిద్దేది వచ్చిన టీచరు, ఎక్కించేది ఆ బడిలోనే రోజూ ఉండే క్లాస్ టీచరు అయితే గడువు తప్పదు.

టీచరు హాజరు ఎక్కడ పడుతుంది. ముఖ గుర్తింపు యాప్‌లో హాజరు పడే చోట, ఫోను బడి ఆవరణలో లేకపోతే గైర్హాజరు చూపిస్తుంది. మంగళవారం పక్క బడిలో ఆరు పీరియడ్లు చెప్పిన మనిషికి సాయంత్రం సంజాయిషీ నోటీసు వచ్చిందంటే శుక్రవారం నుంచి ఆయన రాడు. ఉత్తర్వు చేతికి రాగానే రెండో బడిని కూడా ఆయన పేరుకు జోడించమని, లేదా ఆ రోజుల్ని ఆన్ డ్యూటీగా నమోదు చేయమని ఎంఈఓ కార్యాలయంలో అడగండి. అది జరిగాకే మొదటి ప్రయాణం.

ప్రయాణ ఖర్చు. వస్తుందని ఊహించుకుని మొదలుపెట్టకండి. ఎవరిస్తారో, ఇవ్వరో ముందే తేల్చి రాయండి. మహిళా టీచర్లకు తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆ దారిలో బస్సు ఉందా అన్నదే అసలు ప్రశ్న.

పదో తరగతి ఫలితానికి బాధ్యత ఎవరిది. ఫలితం పడిపోతే ‘వారానికి రెండు రోజులే వచ్చారు’ అని ఒకరు, ‘మిగతా రోజుల్లో మీరేం చదివించారు’ అని ఇంకొకరు అనుకునే కన్నా, మిగతా రోజుల్లో రోజుకు అరగంట ఆ సబ్జెక్టు చదివించే స్థానిక టీచరు పేరును ఒప్పందంలోనే రాసుకోవడం నయం.

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో పిల్లలు తగ్గిన పల్లె స్కూల్ డిస్ట్రిక్టులు హైస్కూలు తరగతులను పక్క డిస్ట్రిక్టుతో పంచుకుంటాయి. అక్కడ చట్ట ప్రకారం ఆ ఒప్పందం మీద సంతకాలు పెట్టే ముందు బహిరంగ విచారణ జరపాలి. పిల్లల్ని పంపే డిస్ట్రిక్టు స్వీకరించే డిస్ట్రిక్టుకు పిల్లవాడికింత అని చెల్లిస్తుంది. మన దగ్గర బడికి బడి డబ్బు చెల్లించే ఏర్పాటు లేదు, దాన్ని అరువు తెచ్చుకోనక్కర్లేదు. సంతకానికి ముందు ఊరి ముందు పెట్టడం మాత్రం మనకూ కావాలి.

5. ఊరి భయానికి ముందే జవాబు చెప్పండి

‘ఇవాళ టీచర్ని పంచుకుంటారు, రేపు బడి ఎత్తేస్తారు.’ తల్లిదండ్రుల సమావేశంలో మొదటి మాట ఇదే అవుతుంది. అది ఉత్త అనుమానం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి జీవో 117తో 3, 4, 5 తరగతులు ఊరి బడి నుంచి హైస్కూలుకు తరలిపోవడం జనం కళ్లారా చూశారు. 2025లో ఆ జీవో రద్దయినా గుర్తు పోలేదు.

జవాబు మాటల్లో చెప్పకండి, కాగితంలో చూపించండి. పిల్లల పేర్లు ఏ బడి రిజిస్టరులో ఉన్నాయో అక్కడే ఉంటాయి, యూడైస్‌లో సంఖ్య మారదు, టీసీలు ఎవరూ తీసుకోరు. టీచరు పోస్టు, జీతం సొంత బడిలోనే. ఇవన్నీ ఒప్పందంలో రాసి, గ్రామసభలో చదివి వినిపించండి.

దీనికన్నా లోతైన ప్రమాదం ఇంకోటుంది, దాన్ని ఎవరూ పైకి అనరు. సర్దుబాటు బాగా నడిస్తే ఖాళీ కనిపించకుండా పోతుంది. వారానికి రెండు రోజులు ఎవరో వస్తున్నారు కదా అని ఆ పోస్టు గురించి అడిగేవాళ్లు తగ్గిపోతారు. టీచర్ల నియామకానికి జరిగే డీఎస్సీ చూడండి: తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు, ఆంధ్రప్రదేశ్ 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించారు. అలాంటి ప్రకటన వచ్చే ముందు ఖాళీల జాబితా బడుల నుంచే పోతుంది. అందులో మీ పోస్టు ‘ఖాళీ’ అనే ఉండాలి. ‘సర్దుబాటు చేశాం’ అని కాదు. ప్రతి నెలా ఎంఈఓకు పంపే నివేదికలో ఖాళీని ఒక వరుసలో, సర్దుబాటును ఇంకో వరుసలో రాయండి.

6. ప్రయోగాల డబ్బా

ఇది అన్నిటికన్నా చవకైనది. మొదట దీనితోనే మొదలుపెట్టమని మా సలహా. ఉత్తర్వులు అక్కర్లేదు, ఇద్దరు హెచ్ఎంల సంతకాలున్న ఒక రిజిస్టరు చాలు.

30 మంది తరగతికి ఐదుగురు చొప్పున 6 జట్లు. సామాను 7 జట్లకు పెట్టండి. ఒకటి విరిగినా పాఠం ఆగకూడదు. ఓమ్ నియమానికి ఒక్కో జట్టుకు: 1.5 వోల్టుల ఘటాలు 3, వాటి హోల్డరు, 0–500 మిల్లీఆంపియర్ల అమ్మీటరు, 0–5 వోల్టుల వోల్ట్‌మీటరు, ఒక కీ, 10 ఓమ్‌ల నిరోధకం ఒకటి, తీగ ముక్కలు 8. నిరోధకం 5 వాట్లది కొనండి. మూడు ఘటాలు పెట్టినప్పుడు దానిలో దాదాపు 2 వాట్ల వేడి పుడుతుంది. అంగట్లో అడగ్గానే ఇచ్చే పావు వాటుది కాలి వాసన వస్తుంది. రియోస్టాట్ బరువు, అది లేకుండానే పని జరుగుతుంది. ఒక ఘటంతో ఒకసారి, రెండిటితో, మూడింటితో కొలిస్తే సుమారు 150, 300, 450 మిల్లీఆంపియర్లు వస్తాయి. ఘటాలు పాతబడితే ఆ అంకెలు తగ్గుతాయి గానీ, వోల్టేజీని కరెంటుతో భాగిస్తే వచ్చే విలువ 10 దగ్గరే ఉంటుంది. పిల్లలకు చూపాల్సింది కూడా అదే. పాడయ్యేది అమ్మీటరు, దాన్ని సమాంతరంగా కలిపినప్పుడు. సర్క్యూట్ టీచరు చూశాకే కీ పెట్టాలి, రీడింగ్ కాగానే కీ తీసేయాలి.

కటకం ప్రయోగానికి 10 సెంటీమీటర్ల నాభ్యంతరం ఉన్న కుంభాకార కటకాలు తీసుకోండి. వస్తువు 15 సెంటీమీటర్లలో ఉంటే ప్రతిబింబం 30లో, 20లో ఉంటే 20లో, 30లో ఉంటే 15లో వస్తుంది. మొత్తం అర మీటరు బల్ల మీద ముగుస్తుంది. 20 సెంటీమీటర్ల కటకాలు తెస్తే దీనికి రెట్టింపు పొడవు కావాలి. చిన్న బడుల్లో అంత బల్లలుండవు. ఫ్యాను ఆపకపోతే వస్తువుగా పెట్టే కొవ్వొత్తి నిలవదు.

రసాయనాల విషయంలో ఒక్క నియమం: గాఢ ఆమ్లం బండెక్కకూడదు. ల్యాబున్న బడిలోనే పలుచన చేసి పంపాలి. 900 మిల్లీలీటర్ల నీటిలో 85 మిల్లీలీటర్ల గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని కొద్దికొద్దిగా పోసి, చల్లారాక లీటరుకు నింపితే సుమారు ఒక మోలార్ ద్రావణం అవుతుంది. నీళ్లలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీళ్లు పోయకూడదు. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఆ పని చేయకండి. సోడియం హైడ్రాక్సైడ్ లీటరుకు 40 గ్రాములు. ప్లాస్టిక్ సీసాలోనే పంపండి, గాజు బిరడా అయితే పట్టేసి రాదు. ఆరు జట్లకు ఒక్కోటి అర లీటరు ధారాళంగా సరిపోతుంది. ప్రతి సీసా మీద పేరు, గాఢత, తయారుచేసిన తేదీ ఉండాలి. పరీక్ష నాళికలు రెండు డజన్లు కావాలంటే 28 పెట్టండి.

డబ్బా మూత లోపలి వైపు వస్తువుల పట్టిక అంటించండి. ఎవరి దగ్గర విరిగితే వాళ్లే రాయాలి, కానీ డబ్బు వసూలు చేయకూడదు. విరిగితే కట్టాలన్న భయం పుట్టిందంటే ఆ డబ్బా తాళం తీయకుండానే ఊళ్లు తిరుగుతుంది.

7. పిల్లలు కదలాల్సి వచ్చినప్పుడు

వొకేషనల్ ల్యాబుకైనా టింకరింగ్ ల్యాబుకైనా వారానికో, పదిహేను రోజులకో ఒక పూట పెట్టుకోండి. రోజు మారకూడదు. టింకరింగ్ ల్యాబుకు నీతి ఆయోగ్ ఇచ్చే 20 లక్షల్లో సగం ఏర్పాటుకు, సగం ఐదేళ్ల నిర్వహణకు. చుట్టుపక్కల పిల్లలకూ అది అందుబాటులో ఉండాలన్నది పథకం ఉద్దేశమే కాబట్టి అడగడానికి మొహమాటపడకండి. వొకేషనల్ కోర్సుల్లోనూ ఒక బడి కేంద్రంగా, చుట్టూ ఉన్నవి దానికి అనుబంధంగా నడిచే పద్ధతికి సమగ్ర శిక్షలో (బడులకు నిధులిచ్చే కేంద్ర పథకం) చోటుంది.

వాహనం. ఆటో ముగ్గురు ప్రయాణికుల బండి. 30 మందికి పది ఆటోలు కావాలి. మీకు దొరికేది మూడు ఆటోలే అయితే అది ఏర్పాటు కాదు, ప్రమాదం. ఆర్టీసీ బస్సును నమ్ముకోండి, కానీ దాని వేళ తెలుసుకున్నాకే పూట నిర్ణయించండి. వేళ అరగంట జరపాలంటే డిపో మేనేజరుకు మేలోనే ఉత్తరం పెట్టండి. జూన్ 12న బడులు తెరిచాక ఆ షెడ్యూలు కదలడం కష్టం. ఆడపిల్లలకు ఉచిత ప్రయాణముంది. మగపిల్లల విద్యార్థి పాసు మాత్రం ఇంటి నుంచి బడికి ఉన్న దారికే చెల్లుతుంది, పక్క ఊరి బడికి చెల్లదు. ఇది మరిచిపోతే మొదటి రోజే కండక్టరు దగ్గర ఆగిపోతారు. ఆ టికెట్ల డబ్బు ఎక్కడిదో ముందే చూసుకోండి.

భోజనం. 8వ తరగతి దాకా పీఎం పోషణ్ (కేంద్ర మధ్యాహ్న భోజన పథకం) కింద, 9, 10 తరగతులకు రాష్ట్ర ప్రభుత్వ ఖర్చుతో, పిల్లలకు భోజనం వాళ్ల సొంత బడి హాజరు లెక్క మీదే వస్తుంది. పక్క బడిలో తినిపిస్తే అక్కడ వండే అక్కలకు 30 ప్లేట్ల ఖర్చు మీద పడుతుంది, లెక్కలో చూపడానికి ఉండదు. కాబట్టి ఉదయం వెళ్లి భోజనానికి తిరిగి రావడమో, తిన్నాక బయల్దేరడమో చేయండి. తిన్నాక బయల్దేరితే సాయంత్రం గంటకు ముందే వెనక్కి చేర్చాలి. దూరపు పల్లెల పిల్లలకు ఇంటికెళ్లే బస్సు ఒకటే ఉంటుంది.

తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం ఏడాదికి ఒకసారి తీసుకోండి. ప్రతి ప్రయాణానికీ పేర్ల జాబితా రెండు ప్రతులు, ఒకటి బడిలో, ఒకటి వెంట వెళ్లే టీచరు చేతిలో. 20 మందికి ఒక పెద్దమనిషి, ఆడపిల్లలుంటే తప్పకుండా ఒక మహిళా టీచరు. తలలు నాలుగుసార్లు లెక్కపెట్టాలి: బయల్దేరేటప్పుడు, దిగినప్పుడు, తిరిగి ఎక్కేటప్పుడు, బడికి చేరాక. వెళ్లిన చోట మరుగుదొడ్డి తాళం ఎవరి దగ్గరుందో కూడా ముందే అడగండి. కార్యక్రమాలు దీని దగ్గరే తప్పిపోతుంటాయి.

మైదానానికి ఇంత తంతు అక్కర్లేదు. మండల స్థాయి ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీల నుంచి ఎంపికయ్యే జట్టులో ఎలాగూ అన్ని బడుల పిల్లలూ కలిసే ఆడతారు. పోటీలకు ముందు మూడు, నాలుగు వారాలు కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ సాధన కలిపి పెట్టుకుంటే ఒక పీఈటీ రెండు బడులకూ సరిపోతారు.

8. డబ్బు

బడి నిర్వహణకు ఇచ్చే సమగ్ర శిక్ష కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి వస్తుంది: 31 నుంచి 100 మంది ఉంటే 25,000, 101 నుంచి 250 దాకా 50,000, 251 నుంచి 1,000 దాకా 75,000 రూపాయలు. అందులో పదో వంతు పరిశుభ్రతకే పెట్టాలి. ఒక బడి పేరున వచ్చిన గ్రాంటును ఇంకో బడికి మళ్లిస్తే ఆడిట్‌లో ఇరుక్కుంటారు. అందుకే డబ్బు కలపకండి, కొనుగోళ్లు పంచుకోండి. ఒక బడి మీటర్లు కొంటుంది, ఇంకోటి కటకాలు కొంటుంది. ఎవరి బిల్లు వాళ్లది, ఎవరి స్టాక్ రిజిస్టరులో వాళ్లది. డబ్బా మాత్రం ఇద్దరిదీ.

9. తెరమీద పాఠం

హైస్కూళ్లకు వచ్చిన పెద్ద టచ్ తెరలు చూశాక ‘ఒకరే చెప్పి నాలుగు బడుల్లో వినిపించవచ్చు కదా’ అనిపిస్తుంది. రోజువారీ పాఠానికి ఇది పనికిరాదు. అవతలి గదిలో ఎవరు అర్థంకాక తలదించుకున్నారో చెప్పేవాళ్లకు కనిపించదు. పదో తరగతి పునశ్చరణకు, సందేహాల పూటకు మాత్రం బాగుంటుంది. అవతలి గదిలో ఒక టీచరు నిలబడి ఉండాలి. చెప్పేవాళ్ల కాలరుకు మైకుండాలి. బొమ్మ మసకబారినా పిల్లలు సర్దుకుంటారు, మాట తెగితే ఐదు నిమిషాల్లో గోల మొదలవుతుంది. కరెంటు పోతే ఏం చేయించాలో ఒక వర్క్‌షీటు సిద్ధంగా ఉంచండి.

దీనికన్నా తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితమిచ్చేది జవాబుపత్రాల మార్పిడి. ప్రీఫైనల్ పరీక్ష పేపర్లు ఈ బడివి ఆ బడి టీచరు, ఆ బడివి ఈ బడి టీచరు దిద్దండి. సొంత పిల్లలకు తెలియకుండానే వేసే జాలి మార్కులు పోయి అసలు పరిస్థితి పబ్లిక్ పరీక్షలకు ముందే తెలుస్తుంది.

10. నెలకోసారి ఒకే పేజీ

ఇద్దరు హెచ్ఎంలు, కదిలే టీచరు కలిసి నెలకు ఒక అరగంట కూర్చోవాలి. చూడాల్సినవి నాలుగే అంకెలు: జరగాల్సిన పీరియడ్లు, జరిగినవి, పోయినవి ఎందుకు పోయాయి, సిలబస్ ఎక్కడుంది. ఎనిమిది రోజులు రావాల్సిన నెలలో ఆరు కన్నా తక్కువ వచ్చి ఉంటే ఆ నెలలోనే కారణం సరిచేయండి. వరసగా రెండు నెలలు అలాగే ఉంటే రోజులు మార్చాలి, లేదా వేరే బడితో జత చూసుకోవాలి. టీచరు బదిలీ అయినా, ఖాళీలో కొత్త టీచరు చేరినా పొత్తు ఆ రోజుతోనే రద్దు కాకుండా, పాఠాల అప్పగింతకు ఒక వారం ఉండేలా ఒప్పందంలో రాసుకోండి.

ఏప్రిల్లో బడి మూసే ముందు డబ్బాలు తెరిచి లెక్క చూడండి. ఘటాలు తీసి పారేయండి, లోపలే వదిలేస్తే వేసవిలో కారి హోల్డర్లు తుప్పుపడతాయి. మిగిలిన ద్రావణాలను ల్యాబున్న బడికి వెనక్కి పంపండి. వచ్చే ఏడాది ప్రతిపాదన కాగితం కూడా అప్పుడే టైపు చేయించి పెట్టుకోండి, టీచరు పేరున్న చోట మాత్రం ఖాళీ వదలండి. బదిలీలు, పదోన్నతులు తేలాక జూన్‌లో అక్కడ పేరు నింపి పంపడమే మిగులుతుంది.